గ్రాంటు ఆగిన రోజున ఆసుపత్రి నడవాలంటే

ఈ పత్రిక పాఠకులు, సంఘ సభ్యులు, ఆసుపత్రి శ్రేయోభిలాషులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మిషన్ ఆసుపత్రులకు బయటి సంస్థల నుండి గ్రాంట్లు వస్తాయి కదా, మరి ఓ.పి. చీటీకి డబ్బు ఎందుకు కట్టించుకుంటారు? బ్యాంకులో లక్షలున్నాయంటారు, నర్సులకు పదో తేదీ దాటినా జీతం ఎందుకు రాదు?" ఇది అడగవలసిన ప్రశ్నే. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేము గనుక ఈ సంచికలో కాస్త విపులంగా రాస్తున్నాము. ఉదాహరణలు ఎక్కువగా ఆసుపత్రులవే అయినా, మీలో వృద్ధాశ్రమ కమిటీలో ఉన్నవారికి, హాస్టలు నడిపేవారికి, మహిళా సంఘాల లెక్కలు చూసేవారికి కూడా ఇది ఉపయోగపడుతుందని మా నమ్మకం.

గ్రాంటు మన సొమ్ము కాదు

రోగి కట్టిన ఫీజు ఆసుపత్రి ఆదాయం. దానితో మందులు కొనవచ్చు, జీతాలివ్వవచ్చు, వార్డు కప్పు కారుతుంటే బాగుచేయించవచ్చు. గ్రాంటు అలాంటిది కాదు. పట్నం వెళ్తున్నామని తెలిసి పక్కింటివారు విత్తనాలు తెమ్మని మన చేతికిచ్చిన డబ్బులాంటిది అది. జేబులో ఉన్నంత మాత్రాన దానితో మన ఇంటికి బియ్యం కొనలేము. వచ్చే నెల సర్దుదాములే అని వాడుకుంటే, అదునుకు విత్తనాలు అందక వాళ్ల పొలం బీడు పడుతుంది. మళ్లీ మన చేతికి ఎవరూ డబ్బివ్వరు.

అందుకే క్షయ కార్యక్రమానికి వచ్చిన నలభై లక్షలు ఖాతాలో ఉండగానే, ప్రసూతి వార్డు నర్సుకు జీతం ఇవ్వలేని పరిస్థితి వస్తుంది. బయటివారికి ఇది వింతగా కనిపిస్తుంది. లోపల లెక్క రాసేవారికి మాత్రం ఇది ప్రతి నెలా ఎదురయ్యేదే. అలాంటి సమయంలో "తాత్కాలికంగా" ప్రాజెక్టు డబ్బు మళ్లించే ఆసుపత్రులు లేకపోలేదు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఆడిటరు అడిగేది ఉద్దేశాన్ని కాదు, వోచరును. దాత ఆ మొత్తాన్ని వెనక్కి కట్టమంటే, వాడేసిన డబ్బు ఎక్కడి నుండి తెస్తారు? చివరికి రోగుల ఫీజు నుండే తేవాలి.

కుష్ఠు ఆసుపత్రుల కథ

గ్రాంటు మీద ఆధారపడి పెరిగిన సంస్థకు ఏమవుతుందో తెలుసుకోవాలంటే మన దేశంలో కుష్ఠు ఆసుపత్రుల చరిత్ర చూడాలి. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ ప్రారంభించిన ఆసుపత్రి వంటివి మన ప్రాంతంలో వందేళ్లకు పైబడిన చరిత్ర గలవి. ఊరు వెలివేసిన వారికి అవే ఇల్లూ వైద్యశాలా అయ్యాయి. డిచ్‌పల్లికి తోడ్పడిన దాతల్లో నిజామాబాదుకు చెందిన రాజా నర్సా గౌడ్ కూడా ఉన్నారన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. మిషన్ ఆసుపత్రులన్నీ కేవలం విదేశీ సొమ్ముతోనే లేచాయనుకోవడం సరికాదు.

చాలా కాలం వరకు డాప్సోన్ అనే ఒకే ఒక మందును ఏళ్ల తరబడి వాడవలసి వచ్చేది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం పలు మందుల చికిత్సను సిఫారసు చేసింది. ఆ సంవత్సరం మన దేశంలో పదివేల జనాభాకు 57 మందికి పైగా ఈ వ్యాధి ఉండేది. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం వచ్చింది. విదేశీ దాతృ సంస్థలు ధారాళంగా ముందుకొచ్చాయి. జిల్లాలను పంచుకుని, ఇంటింటి సర్వే చేసే సిబ్బంది, జీపులు, ల్యాబులు, చెప్పులు కుట్టే షెడ్డులు, అన్నింటికీ నిధులిచ్చాయి. పని కూడా అద్భుతంగా జరిగింది. 2005 డిసెంబరు నాటికి దేశ సగటు పదివేలకు ఒకటి కంటే తగ్గింది. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించినట్లు ప్రభుత్వం ప్రకటించింది.

ఇది పండుగ చేసుకోవలసిన వార్త. కాని ఆ వార్తే కుష్ఠు ఆసుపత్రుల ఖజానాకు గండి కొట్టింది. "నిర్మూలన" అన్న మాట విన్న దాతలకు ఇక అవసరం తీరిపోయినట్లు అనిపించింది. కుష్ఠు సేవలను సాధారణ ఆరోగ్య కేంద్రాల్లో కలిపివేశారు. సర్వే సిబ్బందికి నిధులు తగ్గిపోయాయి. అయితే నిర్మూలన అంటే వ్యాధి పూర్తిగా పోవడం కాదు, ఒక అంకె కంటే తగ్గడం మాత్రమే. ఇప్పటికీ దేశంలో ఏటా లక్షకు అటూ ఇటూగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. పాత రోగుల పాదాల్లో స్పర్శ తిరిగి రాలేదు. మేకు గుచ్చుకున్నా తెలియని పాదానికి పుండు పడుతుంది, మానుతుంది, మళ్లీ పడుతుంది. ఆ పుండుకు కట్టు కట్టేవారు, మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు కుట్టేవారు, వంకర తిరిగిన వేళ్లకు శస్త్రచికిత్స చేసేవారు ఆ మనిషి బతికున్నంత కాలం కావాలి. గ్రాంటు మాత్రం వ్యాధి లెక్కను చూసి వచ్చింది, లెక్క తగ్గగానే తగ్గింది.

అప్పుడు ఏయే సంస్థలు నిలబడ్డాయి? తమ పనిని ఒక వ్యాధి పేరుతో కాకుండా, తమకు చేతనైన విద్యతో గుర్తించినవి నిలబడ్డాయి. ఇంటింటికీ వెళ్లి రోగిని కనిపెట్టడం, నెలల తరబడి మందు మానకుండా చూడటం తెలిసినవారు క్షయకు కూడా అదే చేయగలరు. పుండ్లకు చికిత్స తెలిసినవారు మధుమేహ రోగుల పాదాలను కాపాడగలరు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే లెప్రా సంస్థ క్షయ, హెచ్.ఐ.వి., కంటి వ్యాధులు, బోదకాలు రంగాలకు ఇలాగే విస్తరించింది. మరికొన్ని చోట్ల కుష్ఠు ఆసుపత్రి చర్మవ్యాధుల ఆసుపత్రి అయింది, లేదా సాధారణ ఆసుపత్రి అయింది. ఏ మార్పూ చేసుకోలేనివి, భూమి ఉండి కూడా, సిబ్బందిని ఒక్కొక్కరిగా పంపించవలసి వచ్చింది.

ముందుగానే చెప్పి వెళ్లిన దాత

దీనికి భిన్నమైన ఉదాహరణ ఆహ్వాన్ కార్యక్రమం. 2003లో గేట్స్ ఫౌండేషన్ హెచ్.ఐ.వి. నివారణ కోసం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దీన్ని ప్రారంభించింది. కొన్నేళ్ల తర్వాత దీన్ని ప్రభుత్వానికి అప్పగించడం మొదటి నుంచీ ఆలోచనలో ఉన్నదే. 2009లో మొదలుపెట్టి 2012 నాటికి దశలవారీగా అప్పగించారు. ఇందులో మనం గమనించవలసింది ఏమిటంటే, అప్పగించే రోజుకు ముందే ఖర్చులను ప్రభుత్వ ప్రమాణాలకు తగ్గించుకుంటూ వచ్చారు. ప్రైవేటు గ్రాంటు కింద ఒక సేవకు అయ్యే ఖర్చు వేరు, ప్రభుత్వం ఇచ్చే రేటు వేరు. ఆ తేడాను చివరి రోజున ఒక్కసారిగా భరించమంటే ఎవరివల్లా కాదు. ఏడాది ముందు నుండే ప్రభుత్వ పద్ధతిలో రికార్డులు రాయడం, ప్రభుత్వ ఆసుపత్రికి రోగులను పంపడం అలవాటు చేసుకున్న చోట మార్పు తేలికగా జరిగింది.

అన్ని గ్రాంట్లూ ఇంత మర్యాదగా ముగియవు. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుని ఉత్తర్వుతో ఆ దేశ విదేశీ సహాయం 90 రోజులపాటు నిలిచిపోయింది. ఆ తర్వాత అధిక భాగం కార్యక్రమాలు శాశ్వతంగా రద్దయ్యాయి. 2021లో హైదరాబాదులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ప్రారంభమైన మిత్ర్ క్లినిక్ ఆ నిధులతో నడుస్తుండేది. దేశంలో అలాంటి మొదటి క్లినిక్ అది. ఉత్తర్వు వచ్చిన కొద్ది రోజులకే తలుపులు మూసుకున్నాయి. అదే ఏడాది టాటా ట్రస్టుల సహాయంతో సబ్‌రంగ్ అన్న పేరుతో మళ్లీ తెరుచుకుంది గనుక కథ అంతటితో ముగిసిపోలేదు. కాని ప్రతి క్లినిక్‌కూ అలాంటి అదృష్టం పట్టదు. మధ్యలో ఆగిన నెలల్లో రోజూ మందు వేసుకోవలసిన రోగి ఎక్కడికి వెళ్లాడన్నది ఏ నివేదికలోనూ ఉండదు.

దీన్ని చదివి "విదేశీ గ్రాంట్లే వద్దు" అనుకోనక్కరలేదు. దేశీయ గ్రాంటు కూడా ఆగుతుంది. కంపెనీకి నష్టం వస్తే ఆగుతుంది, ప్రభుత్వంలో ఫైలు కదలకపోతే ఆగుతుంది. ఆగిపోయే రోజు ఒకటుందని మొదటి రోజే తెలుసుకోవడం ముఖ్యం.

దరఖాస్తు రాసేటప్పుడే వేసుకోవలసిన లెక్క

ఇక్కడ ఒక ఊహాజనితమైన బడ్జెట్ తీసుకుందాము. తండాల్లో క్షయ కార్యక్రమానికి ఏడాదికి ఇరవై లక్షలు అడుగుతున్నామనుకోండి. నలుగురు ఆరోగ్య కార్యకర్తలకు నెలకు 15,000 చొప్పున 7.2 లక్షలు. సూపర్‌వైజరుకు 3 లక్షలు. వాహనం, పెట్రోలు 3 లక్షలు. తెమడ పరీక్షలు, ఎక్స్‌రేలు 3.3 లక్షలు. పోషకాహార పొట్లాలు 2 లక్షలు. శిక్షణ, కరపత్రాలు 1.5 లక్షలు. మొత్తం సరిగ్గా 20 లక్షలు. కమిటీ సంతోషంగా సంతకం పెడుతుంది. దాత కూడా సంతోషిస్తాడు, ఎందుకంటే ప్రతి రూపాయీ "నేరుగా పేదలకే" వెళ్తోంది.

ఇప్పుడు ఇందులో లేనివి చూడండి. ఈ నలుగురి జీతాల లెక్క రాసేది ఆసుపత్రి అకౌంటెంటే. ఆయన సమయంలో మూడో వంతు దీనికే పోతుంది, ఏడాదికి 96,000. ఆడిట్ ఫీజు 40,000. పరిపాలనాధికారి, వైద్యాధికారి పర్యవేక్షణకు వెచ్చించే సమయం 1,20,000. గది, కరెంటు, ఇంటర్నెట్ 60,000. దాత అడిగే నివేదికల కోసం వివరాలు ఎక్కించే మనిషికి 84,000. కూడితే 4 లక్షలు. అంటే కార్యక్రమం అసలు ఖర్చు 24 లక్షలు, వచ్చేది 20. ఆ నాలుగు లక్షలు ఎవరిస్తున్నారు? ఓ.పి. చీటీకి డబ్బు కట్టిన రోగి ఇస్తున్నాడు. ఇలాంటి గ్రాంట్లు మూడు తెచ్చుకుంటే ఏడాదికి 12 లక్షలు, నెలకు లక్ష. అది ఒక వార్డు నర్సుల జీతం. పాఠకులు అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

గ్రాంట్లు పెరిగేకొద్దీ సంస్థ బీదదవుతుందంటే నమ్మబుద్ధి కాదు గాని, ఇది మన ఒక్కరి అనుభవం కాదు. 2009లో ఆన్ గోగిన్స్ గ్రెగరీ, డాన్ హోవర్డ్ అనే ఇద్దరు రచయితలు అమెరికాలోని లాభాపేక్షలేని సంస్థల గురించి రాసిన వ్యాసంలో దీన్ని ఆకలి చక్రంగా వర్ణించారు. పాలనా ఖర్చు తక్కువ చూపితే దాతలు మెచ్చుకుంటారని సంస్థలు తక్కువ చూపుతాయి. అది చూసి దాతలు ఇంకా తక్కువే సరిపోతుందనుకుంటారు. చివరికి కంప్యూటరు పాడైతే బాగుచేయించుకోలేని స్థితికి సంస్థ వస్తుంది. "మా పాలనా ఖర్చు రెండు శాతమే" అని గర్వంగా ప్రకటించే కరపత్రం చూస్తే మాకు మాత్రం భయం వేస్తుంది. లెక్కలు ఎవరు రాస్తున్నారో, ఎప్పుడు రాస్తున్నారో అనిపిస్తుంది.

కాబట్టి దరఖాస్తులో 24 లక్షలనే అడగాలి. దాత కాదంటే బేరమాడవచ్చు. తండాల సంఖ్య తగ్గించవచ్చు. అదీ కుదరకపోతే, నాలుగు లక్షలు మనం ఎక్కడి నుండి పెడతామో కమిటీ మినిట్స్‌లో స్పష్టంగా రాసుకుని ఒప్పుకోవాలి. ఎక్కడి నుండీ పెట్టలేమని తేలితే ఆ గ్రాంటును మర్యాదగా వద్దనడమే మంచిది. వచ్చే లక్ష్మిని కాలదన్నుకోవడమని పెద్దలు కోప్పడతారు. అయినా సరే.

యంత్రం ఉచితం, నడపడం కాదు

యంత్రాల రూపంలో వచ్చే సహాయానికి కూడా ఇదే వర్తిస్తుంది. ఎవరో ఒక ఎక్స్‌రే యంత్రం ఇస్తామంటారు. రిబ్బను కత్తిరించే ఫోటో పత్రికలో వస్తుంది. తర్వాత తెలుస్తుంది, గోడల మందం చాలదని, అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు కావాలని, త్రీ ఫేజ్ కరెంటు లేదని, అర్హత గల టెక్నీషియన్‌కు జీతం ఎవరిస్తారో తేలలేదని. గర్భిణీల స్కానింగ్ యంత్రమైతే 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా పెట్టె విప్పకూడదు. వారంటీ అయ్యాక ఏటేటా కట్టవలసిన నిర్వహణ ఒప్పందం రుసుము ఉండనే ఉంది. వసారాలో దుప్పటి కప్పి ఉన్న యంత్రాలు మన జిల్లాల ఆసుపత్రుల్లో ఎన్ని ఉన్నాయో అక్కడ పనిచేసినవారిని అడగండి. ఇచ్చేవారిని "మూడేళ్ల నిర్వహణ ఖర్చు కూడా కలిపి ఇవ్వండి" అని అడగడం అత్యాశ కాదు. నిజంగా ఉపయోగపడాలని కోరుకునే దాత ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

చట్టం ఏమంటుంది

విదేశీ విరాళాలకు సంబంధించిన చట్టం మొదట 1976లో వచ్చింది. ప్రస్తుతం వర్తించేది 2010 నాటి చట్టం. 2020 సెప్టెంబరులో దానికి చేసిన సవరణ చిన్న సంస్థల మీద ఎక్కువ ప్రభావం చూపింది. ఆ సవరణ ప్రకారం విదేశీ విరాళం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే మొదట రావాలి. అక్కడి నుండి మన ఊరి బ్యాంకు ఖాతాకు మార్చుకోవచ్చు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుండి 20 శాతానికి తగ్గింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక సంస్థ తాను పొందిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. అంతకుముందు పెద్ద సంస్థ ఒకటి నిధులు తెచ్చి, పల్లెల్లోని చిన్న క్లినిక్‌లకు పంచేది. ఢిల్లీకి, విదేశాలకు ఉత్తరాలు రాసే శక్తి లేని చిన్నవారికి అదే దారి. ఆ దారి మూసుకుపోయింది.

20 శాతం అనగానే చాలామంది కంగారుపడతారు. డాక్టర్ల జీతం కూడా పాలనా ఖర్చే అనుకుని దాన్ని గ్రాంటులో చూపడానికి వెనుకాడినవారు ఉన్నారు. నియమాలు అలా చెప్పడం లేదు. సంస్థ ఆశయాన్ని నేరుగా నెరవేర్చే ఖర్చు, అంటే ఆసుపత్రిలో డాక్టరు జీతం, బడిలో ఉపాధ్యాయుని జీతం వంటివి పాలనా ఖర్చు కిందికి రావు. యాజమాన్యం జీతాలు, ఆఫీసు అద్దె, కరెంటు, లెక్కలు రాసే ఖర్చు వంటివే వస్తాయి. మన ఉదాహరణలోని నాలుగు లక్షలు మొత్తం పాలనా ఖర్చే అనుకున్నా 24 లక్షల్లో 17 శాతం లోపే. అంటే చట్టం అనుమతించిన దాన్నే మనం అడగడం లేదన్నమాట.

రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. గడువు ముగియడానికి కనీసం నాలుగు నెలల ముందే దరఖాస్తు చేయమని 2025లో కేంద్ర హోం శాఖ సంస్థలకు సూచించింది. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా, అంటే డిసెంబరు 31లోపు, వార్షిక రిటర్ను ఆన్‌లైన్‌లో సమర్పించాలి. ఆ ఏడాది విదేశీ విరాళం ఒక్క రూపాయి రాకపోయినా సమర్పించాలి. ఈ తేదీలు ఒక్క మనిషి బుర్రలో ఉండకూడదు. గోడ మీద ఉండాలి.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులది ఇంకో పద్ధతి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇందుకు వెచ్చించాలి. ఇది 2014 ఏప్రిల్ 1 నుండి అమలైంది. 2021 ఏప్రిల్ నుండి, ఈ నిధులతో కార్యక్రమాలు అమలుచేసే సంస్థ కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద నమోదు సంఖ్య పొందవలసి ఉంది. ఖర్చుపెట్టని మొత్తం గురించి చట్టం కంపెనీలను గట్టిగా అడుగుతుంది గనుక, జనవరి వచ్చేసరికి వాళ్లకు తొందర పుడుతుంది. "మార్చిలోగా ఖర్చుపెట్టగలరా?" అని ఫోను వస్తుంది. రెండు నెలల్లో పూర్తికాని పనికి పూర్తవుతుందని ఒప్పుకోవడం కంటే, కొనసాగే ప్రాజెక్టుగా మంజూరు చేయమని అడగడం మేలు. అలాంటి ప్రాజెక్టుల మిగులు సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి తర్వాతి మూడేళ్లలో ఖర్చు చేసే వీలు చట్టంలోనే ఉంది. ఈ సంగతి అవతల ఫోను చేసినవారికి కూడా ఒక్కోసారి గుర్తు చేయవలసి వస్తుంది.

సామర్థ్యం అంటే ఏమిటి

"సంస్థాగత సామర్థ్యం" అనగానే హోటల్లో రెండు రోజుల శిక్షణా తరగతి, చేతికొక ఫైలు, మధ్యాహ్నం బిర్యానీ గుర్తొస్తాయి. శిక్షణను మేము తక్కువ చేయడం లేదు. కాని మన స్థాయి ఆసుపత్రికి సామర్థ్యమంటే ఇంకా సాదాసీదా విషయాలు. అకౌంటెంట్ నెల రోజులు సెలవు పెడితే క్యాష్ బుక్ రాయగలవారు ఇంకొకరున్నారా? మందులకు ఆర్డరు పెట్టేవారు, స్టోరులో దింపుకునేవారు, బిల్లు చెల్లించేవారు ముగ్గురూ వేర్వేరు మనుషులేనా? చెక్కు మీద రెండు సంతకాలుంటాయి సరే, రెండో సంతకం పెట్టేవారు వోచరు చూసి పెడుతున్నారా, ఖాళీ చెక్కుల పుస్తకం మీద ముందే పెట్టి ఊరు వెళ్తున్నారా?

ఇవి మనుషుల మీద అనుమానంతో పెట్టిన నియమాలు కావు. నమ్మకమైన మనిషికే వీటి అవసరం ఎక్కువ. ఇరవై ఏళ్లు నిజాయితీగా పనిచేసిన క్యాషియరు మీద ఏదో ఒక రోజు అపవాదు వస్తే, ఆయనను కాపాడేది రసీదు పుస్తకం, స్టాకు రిజిస్టరు, నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసిన కాగితం. మనలాంటి చోట అందరూ బంధువులో స్నేహితులో అయి ఉంటారు. లెక్క అడగడం అవమానించడమన్న భావన ఉంటుంది. ప్రతి నెలా అందరినీ అడగడం అలవాటైతే ఎవరికీ అవమానం కాదు.

ప్రతి గ్రాంటుకూ వేరే ఖాతా పుస్తకం ఉండాలి. కంప్యూటరులో అయితే వేరే ఖర్చు కేంద్రం ఉండాలి. ఒకే జీపు రెండు ప్రాజెక్టులకు తిరిగితే లాగ్ బుక్‌లో ఏ రోజు ఏ పనికి ఎన్ని కిలోమీటర్లో రాయాలి. లేకపోతే ఒకే పెట్రోలు బిల్లు రెండు చోట్ల చూపించినట్లు తేలుతుంది. కొన్న ప్రతి వస్తువు మీద ఏ గ్రాంటుతో కొన్నారో గుర్తు వేయాలి. డాలర్లలోనో యూరోలలోనో వచ్చే గ్రాంటయితే మారకపు రేటుకు కొంత వెసులుబాటు పెట్టుకోవాలి. 2007 మొదట్లో డాలరుకు దాదాపు 44 రూపాయలు వచ్చేవి. ఆ ఏడాది చివరికి 39కి దిగింది. లక్ష డాలర్ల గ్రాంటు మీద అయిదు లక్షలు తగ్గాయి. జీతాలు మాత్రం రూపాయల్లోనే ఒప్పుకున్నారు గదా.

నివేదికల విషయంలో ఒక్క మాట. ఎన్ని శిబిరాలు పెట్టాము, ఎంతమంది వచ్చారు అన్నది చెప్పడం తేలిక, ఫోటోలు కూడా బాగుంటాయి. ఎంతమంది క్షయ రోగులు చికిత్స పూర్తి చేశారు, మధ్యలో మానినవారు ఎందుకు మానారు అన్నది చెప్పడం కష్టం. రెండోదాన్నే రాయండి. లక్ష్యం అందుకోలేకపోతే కారణం రాయండి. పత్తి తీతకు తండా మొత్తం వలస వెళ్లిందని రాస్తే అర్థం చేసుకోని దాత అరుదు. అందరూ నయమయ్యారని రాసి, మరుసటి ఏడాది అదే తండా నుండి మందులకు లొంగని క్షయ కేసు వస్తే చెప్పడానికి ఏమీ ఉండదు.

సొంత కాళ్ల మీద

పెద్ద ఆసుపత్రులు ఈ చిక్కును రకరకాలుగా ఎదుర్కొన్నాయి. ఉత్తర భారతంలో విదేశీ మిషన్లు వెనక్కి తగ్గుతున్న కాలంలో, విడివిడిగా మూతపడే ప్రమాదంలో ఉన్న ఆసుపత్రులు 1969లో ఇమ్మానుయేల్ హాస్పిటల్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. ఒక్కో ఆసుపత్రికి విడిగా అందని పాలనా అనుభవం, డాక్టర్ల బదిలీ వీలు అలా దొరికాయి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, చెల్లించగలవారి దగ్గర తీసుకుని సుమారు సగం మందికి ఉచితంగా చూసే పద్ధతిని నిలబెట్టుకుంది. మన ఊరి నలభై పడకల ఆసుపత్రి ఎల్.వి. ప్రసాద్ కాలేదు, నిజమే. కాని రోజువారీ సేవలు ఫీజులతో, విస్తరణ పనులు గ్రాంటులతో అన్న విభజన పాటించగలదు. వార్డులో నర్సు జీతం ఎప్పుడూ గ్రాంటు మీద ఉండకూడదన్నది మా అభిప్రాయం. ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద చేసే చికిత్సల డబ్బు కూడా ఆలస్యంగానే చేతికందుతుంది గనుక, దాన్ని నమ్ముకుని జీతాల తేదీ పెట్టుకోకూడదు.

మిగిలింది నిల్వ నిధి. ధర్మ సంస్థలు డబ్బు కూడబెట్టకూడదని కొందరు అనుకుంటారు. ఆదాయపు పన్ను నియమాల ప్రకారం రిజిస్టరైన ధర్మ సంస్థ తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాది తన ఆశయాలకు వినియోగించాలి. 15 శాతం వరకు మిగుల్చుకోవచ్చు. అంతకు మించి ఫలానా పనికోసమని ముందుగా తెలియజేసి ఐదేళ్ల వరకు కూడబెట్టుకునే వీలు కూడా ఉంది. పంట కోతప్పుడు, పండుగప్పుడు సంఘాలు ఇచ్చే కానుకలు, పాత రోగులు పంపే చిన్న విరాళాలు, "ఫలానా దానికే వాడాలి" అన్న షరతు లేనివి గనుక, ఈ నిధికి మూలం అవే. యాభై లక్షల గ్రాంటు చేయలేని పనిని షరతులేని అయిదు లక్షలు చేస్తాయి. జీతాల రోజున ఈ తేడా బాగా తెలుస్తుంది.

వచ్చే వార్షిక సమావేశంలో లెక్కలు చదివేటప్పుడు మొత్తం ఎంత వచ్చిందని కాకుండా, షరతులతో వచ్చింది ఎంత, షరతు లేకుండా వచ్చింది ఎంత అని రెండు వరుసల్లో చూపమని అడగండి. ప్రతి గ్రాంటు ముగిసే తేదీ ఏదో, ఆ తర్వాత ఆ పనిలో ఉన్న రోగులను ఎవరు చూస్తారో అడగండి. నిల్వ నిధి ఎన్ని నెలల జీతాలకు సరిపోతుందో కూడా అడగండి. చాలా చోట్ల ఆ సంఖ్య ఒకటి కంటే తక్కువే ఉంటుంది. మూడు నెలలకు చేరాలంటే ఎన్నేళ్లు పడుతుందో అదే సమావేశంలో లెక్క వేయవచ్చు.